పరిశ్రమల నీటి పంపు: సమస్యలు, నిర్వహణపై తరచుగా అడిగే ప్రశ్నలు

పంపు హౌసుల్లో పనిచేసే ఆపరేటర్లు, ఫిట్టర్లు, కొత్తగా మెయింటెనెన్స్ బాధ్యత తీసుకున్న ఇంజినీర్లు అడిగే సందేహాలు ఎన్నేళ్లు గడిచినా దాదాపు అవే. వాటిని పని జరిగే క్రమంలో ఇక్కడ పేర్చాను. పరిశ్రమల్లో ఎక్కువగా కనిపించేది కప్లింగు (రెండు షాఫ్టులను కలిపే భాగం) ద్వారా మోటారుతో తిరిగే అడ్డం రకం సెంట్రిఫ్యూగల్ పంపు, అంటే తిరిగే చక్రంతో నీటిని బయటికి విసిరే పంపు కాబట్టి, వేరుగా చెప్పని చోటల్లా సమాధానం దానికే వర్తిస్తుంది. ఒక్క మాట ముందే చెప్పాలి. పంపు మీద మోపే నేరాల్లో చాలా భాగం పంపు చేసినవి కావు. సక్షన్ పైపో (నీరు లోపలికి వచ్చే పైపు), పునాదో, కప్లింగో, కరెంటు సప్లయో చేసినవి. అందుకే ఈ సమాధానాల్లో చాలావరకు స్పానరు పట్టుకోక ముందు గేజీ చూడమంటాయి.

## బిగించేటప్పుడు

నీటి మట్టానికి పంపును ఎంత ఎత్తులో పెట్టవచ్చు?

పంపు నీటిని లాగుతుందని అందరం అంటాం గానీ, నిజానికి ఇంపెల్లర్ (నీటిని తిప్పే రెక్కల చక్రం) కన్ను, అంటే దాని నడిమి రంధ్రం దగ్గర పీడనం తగ్గినప్పుడు సంపు (నీటి తొట్టి) మీద ఉన్న గాలి బరువే నీటిని పైపులోకి తోస్తుంది. సముద్ర మట్టం వద్ద ఆ గాలి 10.33 మీటర్ల నీటి స్తంభాన్ని మాత్రమే మోయగలదు. ఎత్తైన ప్రాంతాల్లో ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఒక మీటరు పైచిలుకు తగ్గుతుంది. అందులోంచి సక్షన్ పైపులో రాపిడి నష్టాన్ని, నీటి ఆవిరి పీడనాన్ని, పంపు తయారీదారు చెప్పిన, పంపు నోటి దగ్గర ఆవిరి పీడనానికి పైన ఉండాల్సిన కనీస పీడనమైన ఎన్‌పీఎస్‌హెచ్‌ను, కొంత భద్రతను తీసేయగా మిగిలినదే మీకు దక్కే ఎత్తు. ఉదాహరణకు 20 డిగ్రీల నీటికి ఆవిరి పీడనం 0.24 మీటర్లు, రాపిడి 1 మీటరు, పంపుకు కావలసినది 3.5 మీటర్లు, భద్రతకు 0.6 మీటర్లు అనుకుంటే మిగిలేది సుమారు 5 మీటర్లు. అదే పంపుకు 80 డిగ్రీల నీరు ఇస్తే ఆవిరి పీడనం ఒక్కటే 4.8 మీటర్లకు చేరుతుంది, మిగిలేది అర మీటరు కూడా కాదు. వేడి నీటి పంపును టాంకు కంటే కిందనే పెట్టడానికి కారణం ఇదే.

సక్షన్ పైపు పంపు నోటి సైజుదే వేస్తే చాలదా?

చాలదు. సక్షన్ పైపు పంపు నోటికంటే కనీసం ఒక సైజు పెద్దదిగా, అందులో నీటి వేగం సెకనుకు 1.5 మీటర్లకు మించకుండా ఉంటే మంచిది. పెద్ద పైపును చిన్న నోటికి కలిపే చోట ఎక్సెంట్రిక్ రెడ్యూసర్ (ఒక పక్క తిన్నగా, మరో పక్క వాలుగా సన్నబడే అతుకు) వాడి, దాని సమతల భాగం పైకి వచ్చేలా బిగించాలి. మామూలు రెడ్యూసర్ వాడితే పై భాగంలో గాలి గూడు కట్టుకుంటుంది. పైపు మొత్తం సంపు నుంచి పంపు వైపు కొద్దిగా ఎక్కుతూ రావాలి; మధ్యలో ఎక్కడ మూపు లేచినా అక్కడ గాలి నిలుస్తుంది. పంపు నోటికి ఆనుకుని బెండు పెట్టకుండా, పైపు వ్యాసానికి 5 నుంచి 10 రెట్ల పొడవు తిన్నటి పైపు ఉంచాలి. డెలివరీ (నీరు బయటికి పోయే) వైపు చేసిన తప్పు కరెంటు బిల్లులో కనిపిస్తుంది, సక్షన్ వైపు చేసిన తప్పు ఇంపెల్లర్ మీద కనిపిస్తుంది.

ఫ్యాక్టరీలోనే అలైన్‌మెంట్ (మోటారు, పంపు షాఫ్టులను ఒకే గీతలో పెట్టడం) చేసి పంపారు కదా, మళ్లీ ఎందుకు చూడాలి?

బేస్‌ప్లేటు చూడటానికి ఎంత బరువుగా ఉన్నా, రవాణాలోనూ, ఫౌండేషన్ బోల్టులు బిగించేటప్పుడూ మెలి తిరుగుతుంది. కాబట్టి గ్రౌటింగ్ (కింద పోసిన సిమెంటు) ఆరిన తర్వాత ఒకసారి, పైపులు కలిపిన తర్వాత ఒకసారి, పూర్తి లోడు మీద వేడెక్కిన తర్వాత ఇంకోసారి డయల్ గేజీతో చూడాలి. చాలా పంపులకు 0.05 మిల్లీమీటర్ల లోపు తేడా వచ్చేదాకా మోటారు కాళ్ల కింద షిమ్ములు (పలుచటి రేకులు) సర్దుతారు. ఫ్లెక్సిబుల్ కప్లింగు ఉంది కాబట్టి తేడాను అదే సర్దుకుంటుందన్న నమ్మకం చాలా పాతది, చాలా ఖరీదైనది. రబ్బరు సర్దుకుంటుంది నిజమే, ఆ సర్దుబాటు బరువును మోసేది మాత్రం బేరింగూ సీలూ.

పైపు ఒత్తిడి ఇంతకంటే మోసగత్తె. నేను పనిచేసిన ఒక ప్లాంటులో ఒకే పంపుకు ఏడాదిలో మూడుసార్లు మెకానికల్ సీల్ (షాఫ్టు దగ్గర నీరు కారకుండా ఆపే జత ముఖాల భాగం) మార్చారు, మూడుసార్లూ సీల్ నాసిరకమన్నారు. నాలుగోసారి సీల్ జోలికి పోకుండా డెలివరీ ఫ్లాంజి బోల్టులు వదులు చేయించాం. చివరి బోల్టు వదలగానే పైపు ఖణేల్‌మని వేలు మందం పక్కకు జరిగింది. ఆ పైపును పంపు మోస్తోందన్నమాట. పైపుకు సపోర్టు వేసి, ఫ్లాంజి రంధ్రాల్లో బోల్టులు చేత్తో దూరేలా సరిచేశాక ఆ సీల్ మళ్లీ గొడవ చేయలేదు. అందుకే ఏ పంపు దగ్గరైనా నా మొదటి పరీక్ష ఇదే: ఫ్లాంజి బోల్టులు వదిలినప్పుడు పైపు ఉన్నచోటే ఉండాలి.

## స్టార్ట్ చేసేటప్పుడు

ప్రైమింగ్ చేశాను (పంపులో నీళ్లు నింపాను), మోటారు తిరుగుతోంది, అయినా చుక్క నీరు రావడం లేదు. ఏమైంది?

గాలి నీటికంటే సుమారు 800 రెట్లు తేలిక. ఇంపెల్లర్ అదే వేగంతో గాలిని తిప్పినా పుట్టే పీడనం అంతే నిష్పత్తిలో తక్కువగా ఉంటుంది కాబట్టి, కేసింగ్‌లో గాలి మిగిలితే పంపు నీటిని ఎత్తలేదు. నీళ్లు పోసి గరాటాలోకి నిండుగా వచ్చాయని ఆపేయడం పొరపాటు. కేసింగ్ పైనున్న ఎయిర్ కాక్ తెరిచి, బుడగలు లేని నీటి ధార వచ్చేదాకా నింపి, షాఫ్టును చేత్తో ఒకటి రెండు చుట్లు తిప్పి, ఇంకా బుడగలు వస్తే మళ్లీ నింపాలి. ఇంపెల్లర్ రెక్కల మధ్య చిక్కిన గాలి ఇలా తిప్పినప్పుడే బయటికొస్తుంది.

పోసిన నీరు నిలవకుండా దిగిపోతుంటే ఫుట్ వాల్వు (సక్షన్ పైపు అడుగున నీరు వెనక్కి పోకుండా ఆపేది) కారుతోంది. చాలాసార్లు దాని ఫ్లాపు కింద ఆకో, గుడ్డపేలికో, చిన్న రాయో ఇరుక్కుని ఉంటుంది. నీరు నిలుస్తున్నా పంపు ఎత్తడం లేదంటే సక్షన్ జాయింట్లలోనో, గ్లాండ్ (షాఫ్టు చుట్టూ ప్యాకింగును నొక్కి పట్టే భాగం) దగ్గరో గాలి లోపలికి వస్తోందేమో, స్ట్రెయినరు (చెత్తను ఆపే జల్లెడ) మూసుకుపోయిందేమో, సంపులో మట్టం పడిపోయిందేమో ఈ వరుసలో చూడాలి. నీరు రాకుండా పంపును అలాగే నడపకూడదు. మెకానికల్ సీల్ ఉన్న పంపు అయితే ఎండుగా నడిచిన ఒక నిమిషం కూడా సీల్ ముఖాలు పగలడానికి సరిపోవచ్చు.

డెలివరీ వాల్వు మూసి స్టార్ట్ చేయాలా, తెరిచి చేయాలా?

మామూలు సెంట్రిఫ్యూగల్ పంపును డెలివరీ వాల్వు మూసి స్టార్ట్ చేసి, మోటారు పూర్తి వేగం అందుకోగానే వాల్వును నెమ్మదిగా తెరవాలి, ఎందుకంటే ఈ రకంలో నీటి ప్రవాహం లేనప్పుడే తక్కువ కరెంటు తీసుకుంటుంది. యాక్సియల్ ఫ్లో పంపు (నీటిని షాఫ్టు వెంట సూటిగా తోసేది) దీనికి పూర్తిగా వ్యతిరేకం: వాల్వు మూసి ఉంటేనే అది అత్యధిక పవర్ తీసుకుంటుంది కాబట్టి తెరిచే స్టార్ట్ చేయాలి. గేర్ పంపు, పిస్టన్ పంపు లాంటి వాటిని వాల్వు మూసి స్టార్ట్ చేస్తే పీడనం పెరుగుతూ పోయి పైపో కేసింగో పగులుతుంది. సక్షన్ వాల్వు మాత్రం ఏ పంపుకైనా, నడుస్తున్నంతసేపూ పూర్తిగా తెరిచే ఉండాలి.

వాల్వు మూసి ఎంతసేపు నడపవచ్చు?

నిమిషానికి మించి వద్దు. బయటికి పోయే నీరు లేనప్పుడు మోటారు ఇచ్చే శక్తి అంతా కేసింగ్‌లోని కొద్దిపాటి నీటిని కాచడానికే పోతుంది. 10 లీటర్ల నీటిలోకి 5 కిలోవాట్లు వెళ్తుంటే నిమిషానికి సుమారు 7 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. పావుగంటలోపే లోపల ఆవిరి మొదలవుతుంది. ఆటోమేటిక్ వాల్వులు అన్నీ ఒకేసారి మూసుకునే అవకాశం ఉన్న లైనుకు టాంకులోకి తిరిగి పోయే చిన్న బైపాస్ పైపు తప్పనిసరి.

మోటారు సరైన వైపే తిరుగుతోందని ఎలా తెలుసుకోవాలి?

నీళ్లు వస్తున్నాయి కదా, సరిగ్గానే తిరుగుతోందనుకోవడం తప్పు. సెంట్రిఫ్యూగల్ పంపు ఎదురు తిరిగినా నీళ్లు పంపుతుంది, కాకపోతే హెడ్డూ (పంపు నీటిని ఎత్తగల ఎత్తు) ప్రవాహమూ బాగా తగ్గుతాయి. కేబుల్ విప్పి కలిపిన ప్రతిసారీ, మోటారు రీవైండింగ్ అయి వచ్చిన ప్రతిసారీ కప్లింగు విడదీసి, మోటారును ఒక్క క్షణం ఆన్ చేసి ఆపి, కేసింగ్ మీదున్న బాణం గుర్తుతో పోల్చాలి. తేడా ఉంటే మూడు ఫేజుల్లో ఏ రెండు తీగలనైనా తారుమారు చేస్తే చాలు. ఇంపెల్లర్‌ను షాఫ్టుకు మరతో బిగించిన పంపుల్లో ఎదురు తిప్పితే ఇంపెల్లర్ ఊడి కేసింగ్‌కు రాసుకుంటుంది కాబట్టి కప్లింగు విడదీయకుండా ఈ పరీక్ష చేయకూడదు.

స్టార్ట్ చేసిన కాసేపటికే ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అవుతోంది. రిలే సెట్టింగు పెంచవచ్చా?

పెంచకూడదు. రిలేను మోటారు నేమ్‌ప్లేటు మీద రాసిన కరెంటుకు మించి పెట్టడం అంటే వైండింగ్‌ను ఫ్యూజుగా వాడుకోవడమే. ముందు కరెంటు తీసేసి షాఫ్టును చేత్తో తిప్పి చూడాలి. బరువుగానో, పట్టి పట్టి వదులుతున్నట్టో ఉంటే గ్లాండ్ అతిగా బిగించారా, బేరింగు పోయిందా, లోపల రాయి చిక్కిందా అని చూడాలి. షాఫ్టు తేలిగ్గా తిరిగితే మూడు ఫేజుల కరెంటునూ క్లాంప్ మీటరుతో కొలవాలి. ఒక ఫేజులో బొత్తిగా లేకపోతే ఫ్యూజో కాంటాక్టరో పోయింది. మూడింటిలో హెచ్చుతగ్గులుంటే మూడు తీగలనూ వరుస చెడకుండా ఒక్కో స్థానం జరిపి మళ్లీ కొలవాలి: ఎక్కువ కరెంటు సప్లయి తీగతో పాటే వెళ్తే లోపం సప్లయిది, మోటారు టెర్మినల్ దగ్గరే ఉండిపోతే లోపం వైండింగ్‌ది. వోల్టేజీలో కొద్ది శాతం అసమానత కూడా కరెంటులో దానికి ఎన్నో రెట్ల అసమానత తెస్తుంది. మూడు ఫేజులూ సమానంగా ఎక్కువగా ఉంటే పంపు ఉద్దేశించిన దానికంటే ఎక్కువ నీరు తోడుతోంది. డెలివరీ వాల్వు కొంత మూసి చూస్తే ఆమ్మీటరు దిగుతుంది.

## నడుస్తుండగా

పంపులో గులకరాళ్లు పడినట్టు చప్పుడు వస్తోంది. విప్పి చూస్తే రాళ్లేమీ లేవు. ఏమిటిది?

అది కావిటేషన్. ఇంపెల్లర్ కన్ను దగ్గర పీడనం నీటి ఆవిరి పీడనం కంటే తగ్గినప్పుడు నీరు చల్లగా ఉండగానే మరిగి చిన్న బుడగలు పుడతాయి; ఆ బుడగలు రెక్కల వెంట ముందుకు పోయి, పీడనం ఎక్కువగా ఉన్న చోటికి చేరగానే లోపలికి కూలిపోతాయి. కూలే ప్రతి బుడగా లోహం మీద సూదిమొనంత చోట సమ్మెటపోటు వేస్తుంది. ఓడల ప్రొపెల్లర్లకూ ఇదే జబ్బు. బుడగ కూలేటప్పుడు పుట్టే పీడనాన్ని లార్డ్ రేలీ 1917లోనే లెక్కగట్టారు. దెబ్బతిన్న ఇంపెల్లర్‌ను వేలితో తడిమితే రెక్క మొదట్లో స్పంజిలాగా, చీమలు తిన్న బెల్లపు అచ్చులాగా గరుకుగా తగులుతుంది. తుప్పు లోహమంతటా పరుచుకుంటుంది, ఇసుక కోత నున్నగా గాడులు చేస్తుంది. ఈ గుంటలు మాత్రం ఒకేచోట గుంపుగా ఉంటాయి.

డెలివరీ వాల్వు కొంచెం మూసి వినండి. చప్పుడు తగ్గితే సక్షన్ వైపు నీరు చాలడం లేదు. స్ట్రెయినరు శుభ్రం చేయడం, సంపు మట్టం పెంచడం, సక్షన్‌లో అనవసరపు బెండ్లు తీసేయడం, పైపు సైజు పెంచడం దీనికి మందు. వాల్వు మూసేకొద్దీ చప్పుడు పెరిగితే అది వేరే సంగతి: పంపు తన సామర్థ్యం కంటే చాలా తక్కువ ప్రవాహంతో నడుస్తూ నీరు ఇంపెల్లర్‌లోనే వెనక్కి సుడి తిరుగుతోంది, కాబట్టి ప్రవాహం పెంచాలి లేదా చిన్న పంపు పెట్టాలి. చప్పుడు తగ్గించడానికి సక్షన్ వాల్వును మూయడం మాత్రం ఊపిరాడని మనిషి ముక్కు పట్టుకోవడమే.

నీళ్లు మునుపటికంటే తగ్గాయి. లోపం పంపులోనా, లైనులోనా?

సక్షన్ గేజీ, డెలివరీ గేజీ, ఆమ్మీటరు, ఈ మూడు ముళ్లను పాత రీడింగులతో కలిపి చదివితే చాలావరకు పంపు విప్పకుండానే తెలుస్తుంది. సక్షన్‌లో వాక్యూమ్ పెరిగి డెలివరీ పీడనం తగ్గితే స్ట్రెయినరో ఫుట్ వాల్వో మూసుకుపోయింది. డెలివరీ పీడనం పెరిగి ఆమ్మీటరు దిగితే అడ్డంకి డెలివరీ లైనులో ఉంది. డెలివరీ పీడనం తగ్గి ఆమ్మీటరు ఎక్కితే లైను ఎక్కడో పగిలింది లేదా ఎవరో అదనపు వాల్వు తెరిచారు. మూడూ కలిసి తగ్గితే గాలి చొరబడుతోంది లేదా పంపు అరిగింది.

ఈ చివరి రెండింటిని విడదీయడానికి, గాలి పూర్తిగా తీసేసి, డెలివరీ వాల్వును అర నిమిషం పాటు పూర్తిగా మూసి గేజీల తేడా చదవండి. 1 బార్ అంటే 10.2 మీటర్ల హెడ్. ఆ అంకె తయారీదారు ఇచ్చిన కర్వులోని, వాల్వు మూసినప్పుడు వచ్చే షటాఫ్ హెడ్‌కు దగ్గరగా ఉంటే పంపు ఆరోగ్యంగానే ఉంది. బాగా తక్కువుంటే ఇంపెల్లర్ అరిగి ఉండాలి, ఎదురు తిరుగుతూ ఉండాలి, లేదా వేగం తగ్గి ఉండాలి. యాక్సియల్ ఫ్లో పంపుకు ఈ పరీక్ష చేయకూడదు. గేజీ ముల్లు సున్నాకు రాని పాత గేజీతో చేసిన ఏ పరీక్షా పరీక్ష కాదని వేరుగా చెప్పనక్కర్లేదు, అయినా పంపు హౌసుల్లో సగం గేజీలు అలాంటివే.

కొంతసేపు బాగా నడిచి, ఉన్నట్టుండి నీళ్లు ఆగిపోతున్నాయి. మళ్లీ ప్రైమ్ చేస్తే వస్తున్నాయి. ఎందుకు?

గాలి కొద్దికొద్దిగా లోపలికి వచ్చి ఇంపెల్లర్ కన్ను దగ్గర పోగవుతోంది. సంపులోకి తొంగి చూస్తే నీటి మీద సుడిగుండం కనబడితే గాలి అక్కడి నుంచే వస్తోంది. మట్టం పెంచాలి లేదా సక్షన్ బెల్ మరింత లోతుకు దించాలి. టాంకులోకి వచ్చే నీరు పైనుంచి సక్షన్ పక్కనే ధారగా పడుతున్నా నురగతో పాటు గాలి వస్తుంది. సుడి లేకపోతే సక్షన్ జాయింట్లను అనుమానించాలి. అక్కడ పీడనం బయటికంటే తక్కువ కాబట్టి నీరు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది, అందుకే కంటికి ఏమీ కనబడదు. పంపు నడుస్తుండగా ప్రతి ఫ్లాంజి చుట్టూ గడ్డం గీసుకునే నురగ పూస్తే లీకున్న చోట నురగ లోపలికి లాక్కుపోతుంది.

బేరింగు మీద చెయ్యి పెట్టలేకపోతున్నాను. వెంటనే ఆపేయాలా?

మన చెయ్యి 60 డిగ్రీల దగ్గరే వెనక్కి వస్తుంది, చాలా బేరింగులు 70 డిగ్రీల వరకు ఇబ్బంది లేకుండా నడుస్తాయి. కాబట్టి చెయ్యి చెప్పే తీర్పు నమ్మకుండా థర్మామీటరుతో కొలవాలి. అంకె ఎంత అన్నదానికంటే నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత పెరిగిందన్నది ముఖ్యం. కొత్తగా గ్రీజు పెట్టిన బేరింగు కొన్ని గంటలు వేడిగా ఉండి తర్వాత తనంతట తాను చల్లబడుతుంది. చల్లబడకుండా పెరుగుతూనే ఉంటే గ్రీజు ఎక్కువైంది, అలైన్‌మెంట్ తప్పింది, లేదా బేరింగు పాడైంది. చల్లబరచడానికి హౌసింగ్ మీద నీళ్లు పోయడం చాలా చోట్ల చూశాను. బయటి రింగు ముడుచుకుని లోపలి సందు ఇంకా తగ్గి, కాసేపు నడవాల్సిన బేరింగు అప్పుడే పట్టేస్తుంది.

వైబ్రేషన్ పెరిగింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫౌండేషన్ బోల్టుల దగ్గర. తర్వాత ఒక్కో మోటారు కాలి బోల్టును వదులు చేసి, కాలు పైకి లేస్తోందేమో చూడాలి. లేస్తే దాని కింద షిమ్ము చాలలేదు. ఆపైన కప్లింగు విడదీసి మోటారును ఒంటరిగా నడిపితే వైబ్రేషన్ మోటారుదో పంపుదో తేలిపోతుంది. ఇంపెల్లర్ గదుల్లో ఒకదాంట్లో గుడ్డముక్క చిక్కినా బ్యాలెన్స్ చెడుతుంది.

పంపు ఆపగానే పైపు దడేల్‌మంటోంది. ప్రమాదమా?

ప్రమాదమే. ఉక్కు పైపులో పోతున్న నీటి వేగం సెకనుకు 1 మీటరు మేర ఒక్కసారిగా ఆగిపోతే సుమారు 100 మీటర్ల హెడ్, అంటే 10 బార్‌ల పీడనం అదనంగా పుట్టగలదు. పంపు ఆగాక నీరు వెనక్కి తిరిగిన తర్వాత నాన్ రిటర్న్ వాల్వు మూసుకుంటే ఆ దెబ్బ తగులుతుంది. కావాలని ఆపేటప్పుడు ముందు డెలివరీ వాల్వును నిదానంగా మూసి, తర్వాత మోటారు ఆపాలి. కరెంటు పోయినప్పుడు ఆ అవకాశం ఉండదు కాబట్టి పొడవాటి లైన్లకు, నీరు వెనుదిరగక ముందే మూసుకునే స్ప్రింగు రకం వాల్వునో, దెబ్బను మింగే గాలి టాంకైన ఎయిర్ వెసెల్‌నో అమర్చాలి.

రెండు పంపులు కలిపి నడిపినా నీళ్లు రెట్టింపు కావడం లేదెందుకు?

రెండూ ఒకే పైపులోకి తోస్తున్నాయి, ఆ పైపులో రాపిడి ప్రవాహపు వర్గంతో పెరుగుతుంది. రాపిడి ఎక్కువగా ఉన్న లైనులో రెండో పంపు వల్ల వచ్చే అదనపు నీరు చాలా కొద్దిగానే ఉంటుంది. రెండింటిలో ఒకటి అరిగినదైతే బలమైనది దాన్ని నెట్టేసి, అది వాల్వు మూసినట్టే నీరు పంపకుండా కాగిపోతుంది.

వీఎఫ్‌డీ పెట్టాం (మోటారు వేగాన్ని మార్చే డ్రైవు). వేగం ఎంత వరకు తగ్గించవచ్చు?

వేగంతో ప్రవాహం సూటిగా, హెడ్ దాని వర్గంగా, పవర్ దాని ఘనంగా మారుతాయి. కాబట్టి రాపిడే ప్రధానమైన లైనులో వేగం 10 శాతం తగ్గిస్తే పవర్ సుమారు 27 శాతం తగ్గుతుంది. ఎత్తు మీది టాంకుకు తోడే పంపుకు ఈ లెక్క పూర్తిగా వర్తించదు. 50 హెర్ట్జ్ దగ్గర షటాఫ్ హెడ్ 50 మీటర్లున్న పంపు 30 మీటర్ల ఎత్తుకు తోడుతుంటే, 39 హెర్ట్జ్ దగ్గర దాని హెడ్ 30 మీటర్లకు పడిపోయి నీరు ఆగిపోతుంది, షాఫ్టు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ హద్దుకు తగినంత పైనే డ్రైవులో కనీస వేగాన్ని సెట్ చేయాలి.

## రోజువారీ నిర్వహణ

గ్లాండ్ నుంచి నీళ్లు కారుతున్నాయి. బిగించి ఆపేయాలా?

గ్లాండ్ ప్యాకింగ్ కారాలి. ఆ చుక్కలే షాఫ్టుకూ ప్యాకింగ్‌కూ మధ్య కందెన, చల్లదనం. నిమిషానికి 40 నుంచి 60 చుక్కలు పడుతుంటే సరిగ్గా ఉన్నట్టు. ధారగా కారుతుంటే రెండు నట్లనూ సమానంగా, ఒక్కోసారి ఆరో వంతు చుట్టు మాత్రమే తిప్పి, పది నిమిషాలు ఆగి చూసి, అవసరమైతే మళ్లీ తిప్పాలి. పంపు హౌసు తుడిచేవారికి తడి నచ్చకనో, తనిఖీకి పెద్దలు వస్తున్నారనో గ్లాండ్‌ను ఎండిపోయేదాకా బిగించిన పంపును విప్పితే స్లీవు (షాఫ్టు తొడుగు) మీద వేలి గోరు దిగేంత గాడి కనబడుతుంది. చుక్కలకు డ్రెయిన్ పైపు పెడితే తడి గొడవ ఉండదు.

గ్రీజు ఎంత పెట్టాలి?

హౌసింగ్‌లోని ఖాళీలో మూడో వంతు నుంచి సగం వరకు, అంతే. నిండా కూరితే బంతులు గ్రీజును చిలుకుతూ వేడెక్కుతాయి, గ్రీజులోని నూనె విడిపోయి కారిపోతుంది. ఎన్ని గంటలకు పెట్టాలన్నది బేరింగు సైజు, వేగం, వేడిని బట్టి తయారీదారు పట్టిక చెబుతుంది. 70 డిగ్రీలు దాటాక ప్రతి 15 డిగ్రీల పెరుగుదలకు ఆ గడువును సగం చేసుకోవాలి. డ్రెయిన్ ప్లగ్గు తీసి పాత గ్రీజు బయటికి రానిస్తూ కొత్తది ఎక్కించాలి. లిథియం గ్రీజు ఉన్న చోట పాలీయూరియా గ్రీజు కలిపితే రెండూ పలచబడి పోవచ్చు, కాబట్టి రకం మార్చాలంటే బేరింగును పూర్తిగా కడగాలి.

లాగ్ బుక్కులో ఏం రాయాలి?

సక్షన్, డెలివరీ పీడనాలు, మూడు ఫేజుల కరెంటు, రెండు బేరింగుల ఉష్ణోగ్రత, గ్లాండ్ చుక్కలు, నడిచిన గంటలు. కొత్త పంపు నడిచిన మొదటి వారం రీడింగులు అన్నిటికంటే విలువైనవి, ఎందుకంటే తర్వాతి అంకెలన్నీ వాటితోనే పోల్చి చూడాలి. "సాధారణం" అని రాసిన గడి ఖాళీ గడితో సమానం.

## విప్పి బాగుచేసేటప్పుడు

విప్పే ముందు స్విచ్ ఆపితే చాలదా?

చాలదు. ఐసోలేటరు తీసి, తాళం వేసి, తాళంచెవి పనిచేసేవారి జేబులోనే ఉంచుకుని, ట్యాగు కట్టాలి. ఆ తర్వాత స్టార్ట్ బటన్ నొక్కి పంపు కదలడం లేదని రుజువు చేసుకోవాలి. సక్షన్, డెలివరీ వాల్వులు రెండూ మూసి, డ్రెయిన్ తెరిచి గేజీ సున్నాకు వచ్చాకే బోల్టు ముట్టాలి. టైమరుతోనో ఫ్లోటు స్విచ్‌తోనో నడిచే పంపు ఎవరూ బటన్ నొక్కకుండానే లేచి తిరుగుతుంది.

గ్లాండ్ ప్యాకింగ్ ఎలా మార్చాలి?

పాత రింగులన్నీ, లాంటర్న్ రింగు (ప్యాకింగ్ మధ్యకు నీరు అందించే రంధ్రాల రింగు) వెనకున్నవాటితో సహా తీసేయాలి. పాతవాటి మీద కొత్త రింగు ఒకటి కూరడం పని కాదు. కొత్త రింగులను షాఫ్టు స్లీవు సైజున్న కడ్డీకి చుట్టి కోయాలి. ఒక్కో రింగును విడిగా లోపలికి నొక్కుతూ, అతుకులు ఒకదాని వెనక ఒకటి రాకుండా 90 డిగ్రీల తేడాతో పెట్టాలి. లాంటర్న్ రింగు నీరొచ్చే రంధ్రానికి సరిగ్గా ఎదురుగా కూర్చోవాలి. మొదట నట్లను వేళ్లతోనే బిగించి, పంపు నడుస్తుండగా నీటిని ధారాళంగా కారనిచ్చి, అరగంట తర్వాత సర్దడం మొదలుపెట్టాలి.

మెకానికల్ సీల్ పదేపదే పోతోంది. సీల్ కంపెనీ మార్చాలా?

ముందు పోయిన సీల్‌ను కడగకుండా చూడండి, అది కారణం చెబుతుంది. ముఖం మీద మధ్య నుంచి అంచుకు పోయే సన్నటి పగుళ్లుంటే ఎండుగా నడిచింది. రాపిడి గుర్తు ముఖం వెడల్పు కంటే ఎక్కువ పరుచుకుని ఉంటే షాఫ్టు వంగింది లేదా అలైన్‌మెంట్ తప్పింది. గుండ్రటి గాడులుంటే నీటిలో ఇసుక ఉంది. శుభ్రమైన నీటితో ఫ్లషింగ్ ఇవ్వాలి, గట్టి ముఖాలున్న సీల్ వేయాలి. రబ్బరు ఉబ్బి ఉంటే తగని రబ్బరు పడింది, ఉదాహరణకు ఈపీడీఎం రింగుకు మామూలు గ్రీజు రాస్తే అది ఉబ్బిపోతుంది, బిగించేటప్పుడు సబ్బునీరు వాడాలి. కొత్త సీల్ ముఖాలను వేళ్లతో ముట్టకూడదు. ఆ రెండు ముఖాల మధ్య ఉండే నీటి పొర కొన్ని మైక్రాన్లే, చేతి జిడ్డూ దుమ్మూ అక్కడ కొండలాంటివి.

వేరింగ్ రింగులు (ఇంపెల్లరుకూ కేసింగుకూ మధ్య సందును కాపాడే రింగులు) ఎప్పుడు మార్చాలి?

కొత్తగా ఉన్నప్పటి సందు రెట్టింపయినప్పుడు. ఆ సందులోంచి డెలివరీ నీరు తిరిగి సక్షన్‌లోకి జారిపోతుంది, అంటే అదే నీటిని మళ్లీ మళ్లీ ఎత్తుతూ కరెంటు కడతారు. గంటకు 100 ఘనపు మీటర్ల నీటిని 40 మీటర్లకు ఎత్తే పంపు 70 శాతం సామర్థ్యంతో 15.6 కిలోవాట్లు తీసుకుంటే, 55 శాతానికి పడిపోయినప్పుడు అదే పనికి 19.8 కిలోవాట్లు తీసుకుంటుంది. రోజంతా నడిచే పంపుకు రింగుల ఖర్చు ఎన్నాళ్లలో తిరిగి వస్తుందో మీరే లెక్కేసుకోవచ్చు.

పంపు హౌసులోకి నీళ్లొచ్చి మోటారు మునిగింది. ఆరబెట్టి ఆన్ చేయవచ్చా?

పైన ఆరినట్టు కనబడినా వైండింగ్ లోపల తేమ ఉంటుంది. మంచినీటితో కడిగి, 80 డిగ్రీలకు మించని వేడిలో ఆరబెట్టి, వీఎఫ్‌డీ ఉంటే దాని తీగలు విడదీసి, 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మీటరు) ఇన్సులేషన్ కొలవాలి. వెయ్యి వోల్టుల లోపు మోటారుకు 5 మెగాఓంలకు పైగా వచ్చి, రోజు రోజుకూ పెరిగి నిలకడగా ఆగాకే ఆన్ చేయాలి. బేరింగులు మాత్రం కొత్తవే వేయాలి.

## పక్కన పెట్టినప్పుడు

స్టాండ్‌బై పంపును నడపకుండా ఉంచితే పాడవుతుందా?

పాడవుతుంది. కదలకుండా ఉన్న బేరింగులో పక్క పంపు వైబ్రేషన్‌కు బంతులు ఒకేచోట ఒరుసుకుని రింగు మీద గుంటలు చేస్తాయి, ప్యాకింగ్ ఎండి షాఫ్టును పట్టేస్తుంది. వారానికోసారి షాఫ్టును చేత్తో ఒకటింపావు చుట్టు తిప్పితే బంతులు కొత్తచోట ఆగుతాయి. రెండు పంపులున్నప్పుడు వాటిని సమానంగా వంతులవారీగా నడపమంటారు గానీ, రెండూ ఒకేసారి అరిగి ఒకే నెలలో ఆగిపోయే అవకాశం దాంతో పెరుగుతుంది. ఒకదాన్ని ప్రధానంగా నడిపి, రెండోదాన్ని వారానికి కనీసం అరగంట పూర్తి లోడు మీద నడపడమే నాకు నచ్చే పద్ధతి.

కొన్ని నెలలు ఆపేయాలి. ఏం చేయాలి?

కేసింగ్ డ్రెయిన్ ప్లగ్గు తీసి పూర్తిగా ఖాళీ చేసి ఆరనివ్వాలి, లోపల తుప్పు నిరోధక నూనె పూయాలి. మెత్తటి గ్లాండ్ ప్యాకింగ్‌ను తీసేస్తే దాని తేమకు స్లీవు తుప్పు పట్టదు. గ్రీజు కొత్తది పెట్టి, కప్లింగు రబ్బర్లు తీసి నీడలో దాచి, మోటారులో స్పేస్ హీటరు ఉంటే దాన్ని ఆన్‌లోనే ఉంచాలి. మళ్లీ నడిపే రోజున షాఫ్టు చేత్తో తిరిగేదాకా స్విచ్ జోలికి పోకండి. తుప్పుతో పట్టేసిన ఇంపెల్లర్‌ను మోటారుతో విడిపించబోతే తెగేది షాఫ్టే.